అమ్మ టోటోకి హెడ్‌లైటు

డిసెంబర్ 9, మంగళవారం

అమ్మ నడిపే టోటోకి, అదే బ్యాటరీ రిక్షాకి, నేను చేసిన బక్ కన్వర్టర్ బిగించాను. బ్యాటరీ నలభై ఎనిమిది వోల్టులని పన్నెండుకి దించి హెడ్‌లైటు వెలిగిస్తుంది. సాక్చి బజార్లో కొన్న కన్వర్టర్ రెండు నెలలకే పోయింది. నాది పోదు. ఆఫీసులో రోజూ చేసే పని ఇదే. డిజైన్ నాది, సోల్డరింగ్ నాది, గొప్పా నాదే.

డిసెంబర్ 10

పోయింది.

డిసెంబర్ 11, సాయంత్రం

రెండోదీ పోయింది. బోర్డు మీది ఐసీ చిప్‌కి ఆవగింజంత చిల్లు. నా టేబుల్ మీద గంటల తరబడి చల్లగా నడిచిన బోర్డు ఇది. ఛార్జింగ్ అయ్యాక బ్యాటరీ తగిలించేటప్పుడు ప్లస్ మైనస్ తిరగేసి పెట్టి ఉంటావని అమ్మ మీద అరిచాను. నానేటీ తిప్పి ఎట్టనేదే అంది, అంతే.

తర్వాత తనుశ్రీ వాళ్లమ్మ ఫోన్ చేసింది. కాసిడీహ్ స్కూలుకి అమ్మ తీసుకెళ్లే పిల్లల్లో తనుశ్రీ ఒకతి. ఉదయం పొగమంచులో లైటు లేక బండి లారీ కిందికి వెళ్లబోయిందట. సోమవారానికి లైటు వెలగకపోతే పిల్లలందరినీ వేరే బండి ఎక్కిస్తామంది. లారీ సంగతి అమ్మ నాతో అననే లేదు.

డిసెంబర్ 13, శనివారం

మూడో బోర్డు బిగించి, అమ్మ బ్యాటరీ తగిలిస్తుంటే పక్కనే నిలబడ్డాను. ప్లస్ దగ్గర కుంకం బొట్టు ఉంది. ఇదేమిటని అడిగాను. నువ్వే అన్నావు గదేటి, తప్పు ఎట్టకుండా బొట్టెట్టాను అంది. నాకు సిగ్గేసింది.

వైరు సరిగ్గానే తగిలించింది. ఫట్‌మని నిప్పురవ్వ. మూడో బోర్డూ చచ్చింది, కానీ ఈసారి నా కళ్లముందు.

టేబుల్ మీద నేను పవర్ సప్లై నాబ్‌ని సున్నా నుంచి మెల్లగా తిప్పుతాను. బ్యాటరీకి నాబ్ ఉండదు, వోల్టేజ్ అంతా ఒక్కసారే మీద పడుతుంది! చచ్చిన ఐసీ తీసేసి వోల్టేజ్‌ని గీతగా చూపే స్కోప్ పెట్టి చూశాను. తగిలించిన క్షణంలో వోల్టేజ్ తొంభై ఆరుకి ఎగిరింది. నా ఐసీ డెబ్బై ఐదు వరకే తట్టుకుంటుంది. పొడుగాటి వైరు, నేను పెట్టిన బుల్లి కెపాసిటర్లు కలిసి చేసిన పని. పక్కన పెద్ద కెపాసిటర్ ఒకటి వేశాను. ఈసారి వోల్టేజ్ అరవై రెండు దగ్గర ఆగింది.

కొత్త ఐసీ వేసి, అమ్మ చేతే బ్యాటరీ వైరు పెట్టించి, తీయించి, మళ్లీ పెట్టించాను. లైటు వెలుగుతూనే ఉంది. తప్పు నీది కాదమ్మా, నాది అన్నాను. సోమవారం ఎలుగుతాదేటి అని మాత్రం అడిగింది. వెలుగుతుందన్నాను.

డిసెంబర్ 15, సోమవారం

మా బిర్సానగర్ అంతా పొగమంచు. పిల్లలతో వెళ్తున్న అమ్మ బండి పది అడుగుల్లో మాయమైంది. ముందున్న లైటు వెలుగు మాత్రం మంచులో కనబడింది. ఎదురొచ్చిన లారీ పక్కకు తప్పుకుంది.