నీ జ్ఞాపకార్థ కూడికలో ఒక నవల

అక్కా,

నువ్వు చదవవని తెలిసినా ఈ రోజు సంగతి నీకే రాయాలనిపించింది. సాయంత్రం కంచరపాలెంలో మనింట్లో నీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. నీ గురించి సాక్ష్యంగా నాలుగు మాటలు చెప్పమంటే నీ కూతురు సరోజ ఒక నవ్వుల నవల పట్టుకొచ్చింది. యుద్ధం రోజుల్లో నీలాగే హార్బరులో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసిన పిల్ల కథ అది.

"సంఘ పెద్దలు ఏటనుకుంతారే?" అని నెమ్మదిగా అన్నాను.

"అమ్మ భక్తిపరురాలనే అందరూ సెప్తారు పిన్నీ. నాకు ఊహ రాకముందే పోయింది, గోడ మీది ఆ ఫొటో తప్ప నాకేటి తెలుసు? సదవనీ."

నవలలో పిల్ల ఓడ కూతను బాంబుల సైరన్ అనుకొని తన ఆఫీసు తెల్లదొరను కందకంలోకి తోసేసే ఘట్టం సరోజ చదివింది. పాస్టరుగారే ముందు నవ్వారు. అప్పుడు నీతో పనిచేసిన సుందరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మీ యమ్మ దొరని తొయ్యలేదు గానీ, ఆయన కంటే ముందు తనే దూకీసింది. సెవులకి తగిలించుకున్న ఆ ఫోనుతోనే!"

"ఇంకా సెప్పు అత్తా," అంటూ సరోజ ఆమె పక్కనే కూర్చుండిపోయింది. ముగింపు ప్రార్థన అందరం మరిచిపోయాం.

వాళ్ళు వెళ్ళాక మేమిద్దరం మోకరించాం. ప్రార్థనలో నీ పేరు రాగానే సరోజకు నవ్వొచ్చింది. నేను ఆపమనలేదు.

నీ చెల్లి