'కీ' ముందు ఏం పెట్టాలి?

చెల్లీ,

నువ్వు మా కంప్యూటర్‌లో పెట్టించిన ఇంగ్లీషు గ్రామర్ సాఫ్ట్‌వేర్ మీద పీకల దాకా కోపంగా ఉంది. అది చల్లారకముందే రాస్తున్నాను. హోటల్లో గదులు సర్దే పని మాని రిసెప్షన్ కౌంటర్‌కి మారాలని రోజూ దాని ముందు కూర్చున్నాను కదా. మాట ముందు 'ఎ' పెడితే 'ది' అంటుంది, 'ది' పెడితే ఏదీ అక్కర్లేదంటుంది. ఎందుకో మాత్రం చెప్పదు, ఎర్ర గీత గీసి టింగుమంటుంది. మీ బావేమో, "దాంతో నీకెందుకే పోట్లాట, ఆపెయ్" అని నవ్వుతారు.

నిన్న మేనేజరమ్మ ఆ కౌంటర్ పనికి ఇంటర్వ్యూ చేసింది. "గది తాళంచెవి పోయిందని ఒకాయన వచ్చాడనుకో, ఏమంటావు?" అని ఇంగ్లీషులో అడిగింది. అలాంటివాళ్లకి వరండాలో ఎన్నిసార్లు ఇంగ్లీషులోనే జవాబు చెప్పలేదు నేను! నిన్న మాత్రం 'కీ' ముందు ఏం పెట్టాలో తేలక 'ఎ... ది... ఎ...' అంటూ అక్కడే తిరిగాను. ఆవిడ జాలిగా చూసి, "ఇదివరకు గలగలా మాట్లాడేదానివి, ఏమైంది నీకు?" అంది. ఏడుపొచ్చేసింది.

సోమవారం మళ్లీ రమ్మంది. అప్పటిదాకా రోజూ సాయంత్రం ఫోన్ చేసి నాతో ఇంగ్లీషులో మాట్లాడవే. తప్పులు మాట్లాడతాను, దిద్దకు. నేను చెప్పింది నీకు అర్థమైతే, "ఊఁ, తర్వాత?" అను చాలు.

నీ అక్క