పాలోళ్లంటే పాలు పోసెటోళ్లు కాదు

నవంబర్ 11, మంగళారం
చెప్తాన, కంప్యూటర్ల కొట్టు. నాకు అక్షరం ముక్క రాదు. కొట్టేది నా మనుమరాలు రజిత. హనుమకొండల పని నేర్చుకుంటాంది — మనిషి మాట్లాడుతాంటెనే ఆ మాట తెర మీద అక్షరాలై పడాలె, చెవులు వినరానోళ్లు సదువుకోవాలె. నా నోటి మీద సాధన చేస్తదట. చెయ్యనియ్యి. నా గోస నాకుంటది.

నవంబర్ 13, బేస్తారం
బాయి ఇద్దరిది. నాది, మా మరిది సాయిలుది. మూడు వారాలాయె, నా వంతు రోజు గూడ మోటర్ ఆయనదే. నా మిర్చి పూత రాలుతాంది. అడగవోతే చెవి మీద చెయ్యి... "వినవస్తలేదు వదినె." చెవుడు నిజమే. గని ఎనుమాముల మార్కెట్ల మిర్చి ధర మాత్రం వినవస్తది దొంగకు.

నవంబర్ 14
నిన్న "దొంగ" కొట్టలే ఇది! "ఆయనకు" అని కొట్టింది. సదివించుకుంటే దొరికింది. ఇప్పుడు దిద్దిచ్చిన.
"చిన్నతాతను గట్లంటరా బాపమ్మా?"
నీ సారు ఏం చెప్పిండే? అన్నది అన్నట్టు కొట్టుమన్నడా లేదా?
మూతి ముడిచింది. ముడువు.

నవంబర్ 16, ఐతారం
పంచాయితి. రజిత కంప్యూటర్ సాయిలు ముందట పెట్టింది. ఇగ చెవుడు సాకు నడువది. లేచి అన్న — పాలోళ్లే నా పంట ఎండవెడుతాండ్రు!
సదివిండు. నవ్విండు.
"బర్రెనమ్మి మూడేండ్లాయె వదినె. నేనెక్కడ పాలు పోస్తాన?"
అందరు నవ్వుడే. "పాలవాళ్లు" అని కొట్టిందట. ఆస్తిల పాలున్నోళ్లు పాలు పోసెటోళ్లయిండ్రు! సారు కంప్యూటర్ల ఎక్కిచ్చిన మాటల్ల ఈ మాట లేదట, దగ్గరి మాట పడ్డదట. సారుకు పాలోళ్లు లేరు గావచ్చు, అదృష్టవంతుడు.
పెద్దమనుషులు లేచిండ్రు. "మల్ల ఐతారం రాండ్రి." అప్పటిదాక చెట్లు బతుకుతయా?

నవంబర్ 17
రజితతోని మాట్లాడ. ఇదొక్కటి కొట్టు.

నవంబర్ 19, బుధారం
పొద్దుగాల్నుంచి నా ఎనుక పడ్డది. నా మాటలు ఒక్కొక్కటి అడిగి కంప్యూటర్ల ఎక్కిస్తాంది. "ఇంకోటి చెప్పు బాపమ్మా." తిట్లు చెప్పిన. అవి గూడ దిద్దకుంట ఎక్కించింది.

నవంబర్ 20, బేస్తారం
సాయిలు తనంతట తనే వచ్చిండు. అరుగు మీద కూసున్నడు.
"మొన్న నవ్వుట్లనే పోయింది వదినె. సంగతి సదువలే. చెప్పు."
నాలుగు వారాల సంది దాసిన తిట్లు... ఒక్కటి నోటికి రాలే.
నీళ్లియ్యరా — అన్న.
రజిత వేళ్లు ఆగినయ్. "రా గూడ కొట్టాల్నా?"
కొట్టు.
కొట్టింది. తెర ఆయన దిక్కు తిప్పింది.
అంగి జేబుల చెయ్యి పెట్టి కండ్లద్దాలు దేవులాడుతాండు...