బట్టమేక గుడ్డు చుట్టూ రాళ్లు

తాండూరు, 1958, శ్రావణం, ఆదివారం రాత్రి

వికారాబాద్‌ల రైలెక్కినంక హైదరాబాద్ ఆయన ఒకాయన పక్కన కూసున్నడు. మెడల దుర్బీను చూసి, నాలెక్కనే పిట్టల పిచ్చోడనుకున్న. "బట్టమేక పిట్టను ఒక్కసారన్న చూడాలె మాస్టర్ సాబ్, యాడ దొరుకుతది?" అన్నడు. అడిగెటోడు దొరికితే నాకు నోరాగదు. కరణ్‌కోట దారిల బీడు చెప్పిన. ఏడాదికి ఒక్క గుడ్డే, అదీ ఉత్త నేలమీదనే పెడ్తదని చెప్పిన. మంద పక్కకు మళ్లాలని గొర్ల మల్లయ్య గుడ్డు చుట్టూ రాళ్లు పేర్చిండు, గా రాళ్లే గుర్తని గూడ చెప్పిన.

"తల్లి గుడ్డుమీదనే కూసుంటది గదా? అయితే ఫికర్ లేదు," అని నవ్విండు. గప్పుడు నాకు సమజ్ గాలే. తాండూరుల కూలోడు ఆయన సామాను దించుతుంటే పొడుగు సంచిలకెల్లి తుపాకి గొట్టం కనవడ్డది. రేపు పొద్దుగాల్నే జీపు మాట్లాడుకున్నడంట.

స్టేషన్ నుంచి సీదా మల్లయ్య ఇంటికి ఉరికిన. "గా రాళ్లు ఇప్పుడే తీసెయ్యి మల్లయ్యా," అన్న.

కంబలి సదురుకుంట నా మొకం దిక్కు చూసిండు. "తీస్తే గొర్లు తొక్కుతయి సారూ. మా తాత నాటి నుంచి పేరుస్తున్నం. ఉంచితే ఏమయితది?"