ఉత్తుత్తి పరీక్ష

సుభద్ర పిన్నీ,

ఫోన్లో నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు, అందుకే రాస్తున్నాను. "మాక్ అంటే ఉత్తుత్తి పరీక్షేగా! దానికోసం సిరి తన మేనమామ పెళ్లికి రావడం మానుకోవాలా?" అన్నావు. స్కూలుకి జ్వరమని చెబుతావట.

పిన్నీ, అసలు పరీక్ష వచ్చే మేలో. కానీ ఈ దేశంలో మెడిసిన్ సీటుకి అప్లికేషన్ ఈ అక్టోబర్‌లోనే వెళ్ళాలి. అప్పటికి మార్కులుండవు కాబట్టి, ఏ గ్రేడు రావచ్చో టీచరే అంచనా వేసి పంపుతారు. ఆ అంచనాకి ఆధారం ఈ ఉత్తుత్తి పరీక్షే. ఇది రాయకపోతే క్లాసు టెస్టులో వచ్చిన బి గ్రేడే పెడతారు. అది చూసి ఇంటర్వ్యూకైనా ఎవరు పిలుస్తారు? సిరికి తెలివి లేదని టీచర్ అనరు, ఉందని చూపించడానికి ఆవిడ చేతిలో ఏమీ ఉండదు.

నిన్న అది ఫోన్ చేసి, "అక్కా, ప్లీజ్, డోంట్ టెల్ మమ్ ఐ క్రైడ్" అంది. అది ఏడ్చిందని నేను చెప్పేస్తున్నాను.

నీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని తీసుకెళ్ళకు. మాంచెస్టర్ నుంచి బేసింగ్‌స్టోక్ వచ్చి నేను తోడుంటాను. నాకూ ఆయన మేనమామే, అయినా విమానం టికెట్ రద్దు చేసుకున్నాను. పెళ్లిలో ఎవరైనా అడిగితే, ఆ పొగరుబోతే చెల్లెల్ని రానివ్వలేదని చెప్పు. నన్ను ఎంతైనా తిట్టుకో, సిరిని మాత్రం వదిలి వెళ్ళు.

నీ అక్క కూతురు