పడమటి గాలికి నిలిచిన తీగ

బుధవారం, రాత్రి

ఈ రోజు నా తీగలు వెలిగాయి! వెంట్రుకలో వందో వంతు మందం కూడా లేని స్ఫటికపు తీగ ఒక్కోటీ రెండు చివర్ల నుంచీ లేజర్ కాంతి కక్కింది. అయోడిన్ కలపనిది ఆకుపచ్చగా, కలిపింది ఎర్రగా.

"సముద్రం పక్కన ఈ తేమలో ఇవి నిలవవమ్మా, టాపిక్ మార్చుకో" అని గైడ్ సార్ ఏడాదిగా అంటూనే ఉన్నారు. తప్పు నాదీ ఉంది. తీగలు పెరిగే సీసాను రోజూ మధ్యాహ్నం, ల్యాబు ఖాళీ అయ్యాకే తెరిచేదాన్ని. ఆదివారం ఇంటికెళితే అమ్మ ఎండుచేపలు గబగబా ఎత్తేస్తోంది. "పడమటి గాలి ఉండంగానే ఎండాల పాపా. సముద్రపు గాలి తిరిగిందంటే మళ్లా మెత్తబడిపోతాయి" అంది. నేను సీసా తెరిచే మధ్యాహ్నం వేళకే ఆ గాలి తిరుగుతుంది; నా తీగలకూ అదే జబ్బు! అందుకే ఈ రోజు పొద్దున్నే, గాలి తిరగకముందే పని ముగించాను.

సార్ చూసి మెచ్చుకున్నారు. కానీ థీసిస్‌లో నేను రాసిన 'ఈ కిటుకు మా అమ్మ చెప్పింది' అన్న వాక్యం కొట్టేయాలట. చదివినవాళ్లు నవ్వుతారట.

రేపు మళ్లీ వెలుగుతాయో లేదోనని దడగానే ఉంది. వెలగకపోతే ఎల్లుండి చేస్తాను. వాక్యం మాత్రం కొట్టెయ్యను. తేమ కొలిచే మీటరు ఏడాదిగా ల్యాబు గోడకే ఉంది. దాన్ని ఏ వేళకు చూడాలో చెప్పింది మా అమ్మ.