మోతీకి పెట్టిన మాంసం

సారవ్వ వదినకు,

మంచిర్యాలలో నీ బిడ్డ ఇంట్లో బాగానే ఉన్నావనుకుంటాను. మోతీ తింటోందా అని అడిగావు. ఫోన్లో చెబితే మధ్యలో పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

మీ కుక్క మోతీ కరిచి మా సహస్ర చెంపకు దవాఖానలో కుట్లు పడ్డ రోజు, దాన్ని కట్టేయమని నీ గడపలో నిలబడి బతిమాలాను.

"మీ అన్న పోయిన కాడి నుంచి దానికి మతి లేదు. నీ బిడ్డనే జర దూరం ఉంచుకో," అన్నావు.

ఊరికి పోతూ, దానికి రోజూ బువ్వ పెట్టమని మళ్ళీ నాకే అప్పజెప్పావు.

గిన్నె పట్టుకుని వస్తే నా మీదికే ఎగిరింది. అప్పుడు మొగిలన్న బొగ్గుబాయి డ్యూటీ బట్టలు గుర్తొచ్చాయి. అతని దినాలప్పుడు నువ్వు ఇచ్చిన మూట ఉతకకుండా అలాగే ఉంది. ఆ మసి బట్టలు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, అతని బూట్లు వేసుకుని, మొదటి షిఫ్టు దిగే వేళకు నీ గేటు తీసి అన్నలాగే ఈల వేశాను.

మోతీ పరుగెత్తుకొచ్చింది. నా బూట్ల మీద తల పెట్టి చాలాసేపు మూలిగింది. ఎలుకల మందు కలిపిన మాంసం నా చేతిలోంచే తిన్నది. కాళ్లు పడిపోయాక కూడా తోక ఊపుతూనే ఉంది.

బట్టలు ఉతికి నీ దండెం మీద ఆరేశాను. ఇక వాటితో నాకు పని లేదు.

నువ్వు ఏడవకు వదినా. అది చివరిదాకా నన్ను గుర్తుపట్టలేదు. పెట్టింది మొగిలన్నే అనుకుంది.

పక్కింటి మరిది